డబ్బా ఇచ్చాం సరే... తిరిగొచ్చేదెలా?

గ్యాస్ సిలిండర్ ఖాళీ అయితే ఏం చేస్తారు? చెత్తలో పడేయరు కదా! డిపాజిట్ కట్టి తెచ్చుకున్నది. ఖాళీది ఇస్తేనే నిండుది చేతికొస్తుంది. 20 లీటర్ల మంచినీళ్ల టిన్నుదీ అదే కథ. మరి అదే వంటింట్లో కందిపప్పు ప్యాకెట్? కత్తెర పడిన మరుక్షణం చెత్తే.

వాడిన ప్యాకింగ్‌ని పారేయకుండా మళ్లీ మళ్లీ తిప్పడాన్ని ఇప్పుడు ‘సర్క్యులర్ ఎకానమీ’ అంటున్నాం. మా రాయవరంలో మామ్మల తరానికి ఇది కొత్తేం కాదు. నూనెకి సీసా, పప్పుకి సంచి ఇంటి నుంచే వెళ్లేవి. సీసా మర్చిపోతే మళ్లీ ఇంటిదాకా నడకే.

ఆ పద్ధతికి టెక్నాలజీ తగిలిద్దామని రెండేళ్ల క్రితం ఊళ్లో తెలిసినాయన కిరాణా కొట్టులో ఓ ప్రయోగం చేశా. 30 స్టీలు డబ్బాలు, మూతల మీద క్యూఆర్ కోడ్, లెక్కకి ఫోన్‌లో ఓ షీటు. పప్పు డబ్బాలో తీసుకెళ్లండి, ఖాళీ అయ్యాక తెచ్చివ్వండి, అంతే. కోడ్ భేషుగ్గా పనిచేసింది. డబ్బాలే రాలేదు. నెల తిరిగేసరికి వెనక్కి వచ్చినవి 11. ఎవరూ దొంగతనం చేయలేదండీ, వాళ్ల అలమరాల్లో జంతికల డబ్బాలైపోయాయంతే. ‘డబ్బు కట్టించుకోకుండా డబ్బా ఇస్తే అది కానుకరా అబ్బాయ్’ అన్నారు కొట్టాయన. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో నాకెవరూ చెప్పని మాట!

రెండో విడతలో ఆ 11 డబ్బాల్నే ఒక్కోదానికి 150 రూపాయల డిపాజిట్‌తో ఇచ్చాం. 10 వచ్చేశాయి.

తమిళనాడులో ఇదే సూత్రం పెద్ద ఎత్తున నడిచింది. కొండల్లో పారేసిన మద్యం సీసాలు గుచ్చుకుని వన్యప్రాణులు గాయపడుతున్నాయని మద్రాసు హైకోర్టు గట్టిగా పట్టుకుంది. దాంతో 2022 మే నుంచి నీలగిరి జిల్లాలోని టాస్మాక్ దుకాణాలు సీసాకి 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీది తెస్తే తిరిగిచ్చేయడం మొదలుపెట్టాయి.

అయితే డిపాజిట్‌తోనే పనైపోదు. మా ప్రయోగం ఆగింది కడగడం దగ్గర. వానాకాలంలో డబ్బా ఆరడానికి ఓ పూట పట్టేది. సరిగా ఆరకుండానే పెసరపప్పు పోస్తే రెండింట్లో బూజు పట్టింది. కడిగే చోటు లేదు, మనిషి లేడు. మొహమాటపడుతూనే ‘ఇక ఆపేద్దాం’ అన్నారాయన. ఆయన తప్పేం లేదు.

దీనికి జర్మనీ మినరల్ వాటర్ కంపెనీలు 1969లోనే దారి చూపించాయి. అన్నీ కలిసి ఒకే ఆకారంలో 0.7 లీటర్ల గాజు సీసా ఎంచుకున్నాయి. సీసా ఎవరిదన్న గొడవ లేదు కాబట్టి దగ్గర్లోని ప్లాంటుకి పంపి, కడిగి, మళ్లీ నింపేస్తారు. ఒక్కో సీసా 50 సార్ల దాకా తిరుగుతుంది. మన ధాన్యం గోనెసంచి కూడా అంతే కదా, ఒకే కొలత కాబట్టే చేతులు మారుతుంది. ఒక్క కొట్టుకి కాకుండా మండలానికంతటికీ ఒకే సైజు డబ్బా, ఒకే వాషింగ్ యూనిట్ ఉంటే? నా లెక్క ఇప్పుడు అక్కడ నడుస్తోంది.

రూల్స్ కూడా చూసుకోవాలి. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్ని సవరించి, గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో కొంత వాటాని 2025-26 నుంచి మళ్లీ వాడాలని బ్రాండ్లకు లక్ష్యం పెట్టింది. తిండి పదార్థాల డబ్బాలైతే ఆహార భద్రత నిబంధనలకు లోబడే. విడి నూనె జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి. వంటనూనెని సీలు వేసిన ప్యాకింగ్‌లోనే అమ్మాలన్న రూల్ 2011 నుంచి ఉంది.

అంటే కంపెనీలకి డబ్బా డిజైన్ చేసేవాళ్లు, వెనక్కి రప్పించేవాళ్లు, లెక్క చూసేవాళ్లు కావాలన్నమాట. ప్యాకేజింగ్ చదవాలనుంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కి హైదరాబాద్‌లో కేంద్రం ఉంది. ప్లాస్టిక్స్ వైపైతే విజయవాడ సిపెట్. మెకానికల్ వాళ్లకి వాషింగ్ లైన్, సీఎస్ఈ వాళ్లకి ట్రాకింగ్... మొదలుపెట్టే ముందు ఓ నెల కిరాణా కొట్టులో కూర్చోండి.

అన్నట్టు, మొదటి విడతలో పోయిన 19 డబ్బాల్లో ఒకటి మొన్న దొరికింది. మా ఇంట్లోనే. అమ్మ అందులో చింతపండు పెట్టుకుంది.