అనామిక

అమెరికా టెలివిజన్‌లో 1997 మార్చి 10న ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ అనే ధారావాహిక ప్రారంభమైంది. దాని సృష్టికర్త జాస్ వీడన్. వాంపైర్ అంటే రాత్రివేళ సంచరిస్తూ మనుషుల రక్తం తాగి మనుగడ సాగించే పిశాచం. అటువంటి పిశాచాలను సంహరించే శక్తి తరానికి ఒక్క బాలికకే లభిస్తుందని, ఆమె మరణించినప్పుడు ఆ శక్తి మరొక బాలికను చేరుతుందని ఈ కథకు మూలమైన కల్పన. కాలిఫోర్నియాలోని సన్నీడేల్ అనే ఊహానగరంలో చదువుకునే బఫీ సమ్మర్స్‌కు ఆ భారం సంక్రమించింది. ఒకవైపు పరీక్షలు, మరొకవైపు పిశాచాలు! ఏడు విభాగాలుగా 144 భాగాలు ప్రసారమైన అనంతరం 2003 మే 20న ధారావాహిక ముగిసింది.

ముగింపులో రచయిత తాను కల్పించిన నియమాన్ని తానే భంగపరిచాడు. బఫీ స్నేహితురాలు విల్లో తన మంత్రబలంతో ఆ శక్తిని ప్రపంచంలో అర్హత గల బాలికలందరికీ పంచిపెట్టింది. ఒక్కరి సొత్తు అనేకుల సొత్తయింది. ఆ అనేకుల గతి ఏమైంది? సమాధానం తెరమీద కాక కాగితంమీద లభించింది.

2007 మార్చిలో డార్క్ హార్స్ సంస్థ ‘ఎనిమిదవ విభాగం’ పేరుతో కామిక్ సంచికల ప్రచురణకు పూనుకుంది. 2011 జనవరి నాటికి 40 సంచికలు వెలువడ్డాయి. టెలివిజన్ కథల ఆధారంగా వచ్చే కామిక్‌లు సాధారణంగా మూలకథ జోలికి పోవు. ఇక్కడ మాత్రం మూలరచయితే కలం పట్టి, కథను ఆగినచోటి నుంచి ముందుకు నడిపించాడు. చిత్రీకరణ వ్యయం గురించిన చింత లేకపోవడంతో ఊహకు హద్దులు తొలగాయి. తొలి సంచికలోనే బఫీ చెల్లెలు డాన్ మహాకాయురాలై దర్శనమిస్తుంది! 2008లో ఈ కామిక్ ఉత్తమ నూతన ధారావాహికగా ఐస్నర్ పురస్కారం పొందింది.

అయితే ఈ 40 సంచికలలో చిరకాలం గుర్తుండదగినది మహాయుద్ధాల సంచిక కాదు. 2007లో పాల్ లీ చిత్రాలతో వెలువడిన ఐదవ సంచిక. దాని పేరు ‘ద చెయిన్’, అనగా గొలుసు. శత్రువులను తప్పుదారి పట్టించడానికి ఇద్దరు యువతులు బఫీగా చెలామణి అవుతున్నారని తొలి సంచికలోనే తెలుస్తుంది. ఒకరు రోమ్ నగరంలో, మరొకరు భూగర్భంలో ఉంటారు. 2004లో ‘ఏంజెల్’ అనే అనుబంధ ధారావాహికలో రోమ్‌లో దూరం నుంచి కనిపించిన బఫీ అసలు బఫీ కాదని ఈ విధంగా వెల్లడైంది. ఆ భాగంలో బఫీ పాత్రధారిణి సారా మిషెల్ గెల్లార్ నటించకపోవడం రచయితకు ఇట్లా కలిసివచ్చింది!

ఐదవ సంచిక భూగర్భానికి వెళ్లిన యువతి కథ. ఆరంభంలోనే బఫీ శవం కనబడి పాఠకుడు నివ్వెరపోతాడు. తరువాత కథ వెనుకకు మళ్లుతుంది. ఒక సామాన్య విద్యార్థినికి హఠాత్తుగా శక్తి లభించడం, ఆమె శిక్షణ పొందడం, బఫీ రూపం ధరించి చీకటిలోకంలో అడుగుపెట్టడం వరుసగా చూస్తాం. అక్కడి ప్రాణులను కూడగట్టి ఆమె పోరాడుతుంది, పోరులో మరణిస్తుంది. వారి దృష్టిలో ఆమె బఫీయే. కీర్తి అంతా మరొకరి పేరున నిలుస్తుందని తెలిసే ఆమె ఆ పనికి ఒప్పుకుంది.

ఈ కథకు కామిక్ తగిన మాధ్యమమైంది. తెరమీద బఫీ రూపం అంటే ప్రఖ్యాత నటి ముఖమే. ఎంత చెప్పినా ప్రేక్షకుడు ఆ నటినే చూస్తాడు. కాగితంమీద ఇద్దరూ గీతలే కనుక, ఆ ముఖం వెనుక మరొక మనిషి ఉందని నమ్మడం సులువు. గొలుసు అన్న పేరుకూ ఇక్కడే అర్థం స్ఫురిస్తుంది. తనకు ముందు పోరాడిన బాలికలతో, తరువాత రాబోయే వారితో తాను ముడిపడి ఉన్నానన్న ఎరుకే ఆమెకు దక్కిన ఊరట.

రచయిత చివరి పుట వరకు ఆమె పేరు చెప్పడు. చదవడం ముగించి తిరిగి మొదటి పుట తెరిచిన పాఠకునికి, ఆ శవం బఫీది కాదని ఇప్పుడు తెలుసు. ఎవరిదో మాత్రం తెలియదు.