టెర్మక్స్ మొండికేస్తోందా? ఫోన్ టెర్మినల్‌లో రోజూ వచ్చే చిక్కులు, వాటికి విరుగుళ్లు

ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుని, నల్ల స్క్రీన్ మీద రెండు కమాండ్లు కొట్టి, మూడోదానికి ఎర్రర్ రాగానే అన్‌ఇన్‌స్టాల్ చేసేసినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. "బ్రో, ఇది పని చేయట్లేదు" అని నాకు వచ్చే మెసేజ్‌లు తెరిచి చూస్తే, చాలాసార్లు స్క్రీన్‌షాట్‌లోనే జవాబు ఉంటుంది. టెర్మినల్ విషయం చెప్పేసింది, ఎవరూ చదవలేదు. అంతే.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఇదొక సరదా యాప్. లేని స్టూడెంట్‌కి మాత్రం సీ, పైథాన్, గిట్ నేర్చుకోవడానికి చేతిలో ఉన్న కంప్యూటర్ ఈ ఫోనే. అలాంటివాళ్లు ఒక చిన్న ఎర్రర్ దగ్గర ఆగిపోకూడదనే, నేను మళ్లీ మళ్లీ చూసే చిక్కుల్ని ఒకచోట పెడుతున్నా.

ఒక్క మాట: కమాండ్లని ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నా. మీరు టైప్ చేసేది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే. కీబోర్డ్ తనంతట తాను మొదటి అక్షరాన్ని పెద్దది చేస్తే, లినక్స్‌కి అది వేరే మాట కింద లెక్క.

ముందు సరైన చోటు నుంచి

టెర్మక్స్‌ని ఎఫ్-డ్రాయిడ్ నుంచి గానీ, ఆ ప్రాజెక్ట్ గిట్‌హబ్ పేజీ నుంచి గానీ తీసుకోండి. యాప్ ఒక చోట నుంచి, టెర్మక్స్ ఏపీఐ లాంటి ప్లగిన్ ఇంకో చోట నుంచి తెచ్చుకుంటే రెండూ కలిసి పని చేయవు, వాటి సంతకం కీలు వేరు కాబట్టి. వేసుకోగానే 'పీకేజీ అప్‌గ్రేడ్' కొట్టండి. పాత ప్యాకేజీల వల్ల వచ్చే సగం తలనొప్పి అక్కడే తగ్గుతుంది.

'కమాండ్ నాట్ ఫౌండ్'

దీనికి కారణాలు మూడే. స్పెల్లింగ్ తప్పు, ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అయి లేదు, లేదా ఉన్నా షెల్ వెతికే చోట లేదు. షెల్ ఫోన్ మొత్తం వెతకదు. 'పాత్' అనే ఒక జాబితాలో ఉన్న ఫోల్డర్లనే వరుసగా చూస్తుంది. మీరున్న ఫోల్డర్ ఆ జాబితాలో ఉండదు. అందుకే మీరు కంపైల్ చేసిన ప్రోగ్రామ్ కళ్ల ముందే ఉన్నా, పేరుకి ముందు డాట్, స్లాష్ పెడితే గానీ నడవదు. ప్రోగ్రామ్ అసలు లేకపోతే, ఏ ప్యాకేజీ వేసుకోవాలో చాలాసార్లు టెర్మక్సే కింది లైన్‌లో చెప్తుంది. ఆ లైన్ చదివి కొట్టడమే.

'పర్మిషన్ డినైడ్'

మా బాబాయి కొడుకు బీటెక్ సెకండ్ ఇయర్. ల్యాబ్ ప్రోగ్రామ్స్ అన్నీ ఫోన్‌లోనే ప్రాక్టీస్ చేస్తాడు. "అన్నా, కంపైల్ అవుతోంది, రన్ మాత్రం అవ్వట్లేదు" అని ఓ రోజు రాత్రి ఫోన్ చేశాడు. నెట్‌లో చూసి 'సీహెచ్‌మోడ్' కూడా పదిసార్లు కొట్టాడట. ఏ ఫోల్డర్‌లో ఉన్నావో 'పీడబ్ల్యూడీ' కొట్టి చూడమన్నాను. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్నాడు.

అదీ సంగతి. ఫొటోలు, డౌన్‌లోడ్స్ ఉండే షేర్డ్ స్టోరేజ్ నుంచి ప్రోగ్రామ్‌ని నేరుగా నడపడానికి ఆండ్రాయిడ్ ఒప్పుకోదు. అక్కడ సీహెచ్‌మోడ్ ఎన్నిసార్లు కొట్టినా ఫలితం ఉండదు. ఉత్త 'సీడీ' కొడితే టెర్మక్స్ హోమ్ ఫోల్డర్‌కి వస్తారు. ఫైల్ అక్కడికి తెచ్చుకుని, అక్కడే కంపైల్ చేసి రన్ చేయాలి. వాడిది రెండు నిమిషాల్లో తేలిపోయింది.

ఇక షేర్డ్ స్టోరేజ్ ఫైల్స్ చూడటానికే పర్మిషన్ లేదంటే, 'టెర్మక్స్-సెటప్-స్టోరేజ్' ఒకసారి కొట్టి, వచ్చిన పాప్‌అప్‌లో అలౌ నొక్కండి.

స్క్రీన్ బిగుసుకుపోతే

యాప్ మూసేసే ముందు ఇవి చూడండి. కీబోర్డ్ పైన వరుసలో కంట్రోల్ బటన్ ఉంటుంది. వాల్యూమ్ డౌన్ నొక్కి పట్టుకున్నా కంట్రోల్ లాగే పని చేస్తుంది.

• ప్రోగ్రామ్ ఆగకుండా తిరుగుతుంటే కంట్రోల్ సీ.
• హెల్ప్ పేజీలోనో, గిట్ లాగ్‌లోనో ఇరుక్కుంటే ఉత్త క్యూ.
• లైన్ మొదట్లో బాణం మొనలాంటి గుర్తు ఒక్కటే కనిపిస్తుంటే, మీరు తెరిచిన కోట్ మూయలేదని అర్థం. కోట్ మూయండి, లేదా కంట్రోల్ సీ.
• విమ్‌లో పడితే ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్. సేవ్ చేయని మార్పులు మాత్రం పోతాయి.


ఉన్నట్టుండి 'సిగ్నల్ 9'

పని మధ్యలో 'ప్రాసెస్ కంప్లీటెడ్, సిగ్నల్ 9' అని వచ్చి సెషన్ పోతే మీ కోడ్‌ని అనుమానించకండి. ఆండ్రాయిడ్ 12 నుంచి, యాప్స్ పుట్టించే పిల్ల ప్రాసెస్‌లు ఫోన్ మొత్తం మీద 32 దాటితే సిస్టమ్ వాటిని చంపేయడం మొదలుపెడుతుంది. ఆండ్రాయిడ్ 14 ఫోన్లలో డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి 'డిసేబుల్ చైల్డ్ ప్రాసెస్ రిస్ట్రిక్షన్స్' ఆన్ చేస్తే ఈ గొడవ పోతుంది. బ్యాటరీ సెట్టింగ్స్‌లో టెర్మక్స్‌కి అన్‌రిస్ట్రిక్టెడ్ ఇవ్వడం కూడా మంచిది.

పోతే తిరిగి రానివి

పైన చెప్పినవన్నీ విసిగిస్తాయి, నష్టం చేయవు. నిజంగా జాగ్రత్త పడాల్సింది డిలీట్ దగ్గర. 'ఆర్ఎం' కమాండ్‌కి రీసైకిల్ బిన్ లేదు. నక్షత్రం గుర్తుకీ, డాట్ టీఎక్స్‌టీకీ మధ్య ఒక్క స్పేస్ పడితే చాలు, ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ ఎగిరిపోతాయి. నేను ముందు అదే ప్యాటర్న్‌ని 'ఎల్ఎస్'తో కొట్టి, ఏ ఫైళ్లు వస్తున్నాయో చూసుకుంటాను. ఆ తర్వాతే ఎల్ఎస్ తీసి ఆర్ఎం పెడతాను. మధ్యలో స్పేస్ ఉన్న ఫైల్ పేర్లని కోట్స్‌లో పెట్టండి, లేదా రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి, మిగతాది అదే పూర్తి చేస్తుంది.

ఇంకోటి, టెర్మక్స్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసినా, యాప్ డేటా క్లియర్ చేసినా హోమ్ ఫోల్డర్ మొత్తం పోతుంది. సెమిస్టర్ అంతా రాసిన కోడ్ అందులోనే ఉంటుంది. వారానికోసారి గిట్‌తో పుష్ చేయండి, లేదా 'సీపీ హైఫన్ ఆర్'తో ఫోల్డర్‌ని డౌన్‌లోడ్స్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి.

నెట్‌లో దొరికిన కమాండ్‌ని, ముఖ్యంగా 'కర్ల్'తో ఏదో దించి నేరుగా 'బ్యాష్'కి ఇచ్చేదాన్ని, గుడ్డిగా పేస్ట్ చేయకండి. స్క్రిప్ట్‌ని ముందు ఫైల్‌గా దించి, తెరిచి చదవండి. స్టోరేజ్ పర్మిషన్ ఇచ్చి ఉంటే, మీ ఫొటోల దాకా దాని చేయి అందుతుంది.

చివరగా, ఎర్రర్ వచ్చినప్పుడు ఎక్కడ చూడాలో చెప్పేస్తా. పైథాన్ అయితే చివరి లైన్ నుంచి పైకి చదవండి. సీ కంపైలర్ అయితే మొట్టమొదటి ఎర్రర్ సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి, కింద ఉన్న ఇరవైలో చాలావరకు దాని వెంట వచ్చినవే అయి ఉంటాయి. అప్పటికీ తేలకపోతే స్క్రీన్‌షాట్ పంపండి. మీరు కొట్టిన కమాండ్ కూడా అందులో కనిపించాలి సుమా!