నేల తాకాకే అసలు గండం

విమానం చక్రాలు రన్‌వేకి తగిలి దడ్‌మనగానే హమ్మయ్య అనుకుంటాం. సీటు బెల్టు మీదికి చెయ్యి పోతుంది, ఫోన్లు బయటికొస్తాయి. పిల్లలూ, ఇవాళ నేను చెప్పబోయేది ఆ దడ్ తర్వాత వచ్చే అయిదారు సెకన్ల సంగతి. సరుకు మోసే పెద్ద జెట్లు కొన్ని సరిగ్గా ఆ కాస్త సమయంలోనే తిరగబడ్డాయి. ఇంజన్లు బాగానే ఉన్నాయి, రన్‌వే కళ్లెదుటే ఉంది, చక్రాలు నేలకి తగిలాయి కూడా. అయినా ఎందుకలా జరిగిందో తెలుసుకుంటే, అంత భారాన్ని నేల మీదికి దించడానికి ఎంత ఓర్పు కావాలో తెలిసివస్తుంది.

ముందొక లెక్క. భయపడకండర్రా, చిన్నదే. పెద్ద జెట్ దాదాపు మూడు డిగ్రీల వాలులో రన్‌వే వైపు దిగుతుంది. బరువైన కార్గో విమానం వేగం అప్పుడు 160 నాట్లు ఉందనుకోండి, అంటే సెకనుకి 82 మీటర్లు. ఆ వాలులో ఆ వేగంతో వస్తుంటే సెకనుకి నాలుగు మీటర్ల పైచిలుకు కిందికి దిగుతున్నట్టు లెక్క తేలుతుంది. మరి చక్రాల కాళ్లు ఎంత దెబ్బకి తట్టుకునేలా కడతారు? దిగడానికి అనుమతించిన గరిష్ఠ బరువుతో సెకనుకి 10 అడుగులు, అంటే మూడు మీటర్లు. వచ్చిన వాలులోనే సూటిగా వచ్చి నేలకి తగిలితే హద్దు దాటిపోయినట్టే. దెబ్బలో ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెండింతల వేగంతో తగిలితే దెబ్బ నాలుగింతలవుతుంది.

అందుకే నేల ఇంకా ముప్ఫై, నలభై అడుగుల దూరంలో ఉండగా పైలట్ ముక్కుని కొద్దిగా పైకెత్తుతాడు. దాన్ని ఫ్లేర్ అంటారు. రెక్కకి గాలి తగిలే కోణం పెరిగి, పైకి లేపే బలం పెరిగి, దిగే వేగం సెకనుకి మీటరు లోపుకి వస్తుంది. ఇదంతా జరగాల్సింది రెండు మూడు సెకన్లలో. ముందే ఎత్తేస్తే విమానం తేలుతూ పోయి రన్‌వే ఖర్చయిపోతుంది. ఆలస్యమైతే ధనామని తగులుతుంది.

ఆలస్యంగా గుర్తొచ్చి గట్టిగా లాగితే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. ఇక్కడే ఉంది తిరకాసు. ముక్కు లేవాలంటే తోక కిందికి పోవాలి. పైలట్ కాడిని, అంటే చేతిలో ఉండే స్టీరింగు లాంటిదాన్ని, లాగగానే తోక మీద గాలి కిందికి నొక్కుతుంది. అంటే విమానం మొత్తం మీద ముందు పడేది కిందికి తోసే బలమే. ముక్కు లేచి, రెక్క కోణం మారి, పైకి లేపే బలం అందుకునేది ఆ తర్వాత. పైగా వెనక చక్రాలు విమానం బరువు కేంద్రానికి కాస్త వెనకగా ఉంటాయి. ముక్కు విసురుగా లేస్తే ఆ చక్రాలు అంతే విసురుగా కిందికి పోతాయి. ఆఖరి క్షణంలో భయపడి లాగిన లాగుడు చక్రాలని తీసుకెళ్లి నేలకి కొట్టడానికే పనికొస్తుంది. విమానం ఎంత బరువైతే ఈ ఆలస్యం అంత ఎక్కువ. నాకు ఈ సంగతి మొదటిసారి అర్థమైనప్పుడు చాలాసేపు ఆశ్చర్యంగానే ఉండిపోయింది.

ఇంకో చిక్కు. పైలట్ కూర్చునేది ముక్కు దగ్గర. నేలని తాకే ప్రధాన చక్రాలు అతనికి పాతిక మీటర్లకి పైనే వెనక ఉంటాయి. చక్రాలు తగిలి మళ్లీ గాల్లోకి లేచాయా, నేల మీదే ఉన్నాయా అన్నది అతని వెన్నుకి సరిగా తెలియదు. ముక్కు కదలికనే విమానం కదలిక అనుకునే ప్రమాదం ఉంది.

ఇప్పుడు ఆ ఎగిరిపడటం సంగతి. వెడల్పాటి బేసిన్‌లో అంచుదాకా నీళ్లు పోసుకుని నడుస్తున్నారనుకోండి. నీళ్లు ఒక పక్కకి ఊగుతాయి. మీరు కంగారుగా బేసిన్‌ని రెండో పక్కకి వంచుతారు. మీ చెయ్యి వంగేసరికి నీళ్లు వాటంతటవే అటు మళ్లి ఉంటాయి. మీ వంపు వాటికి తోడవుతుంది. ఈసారి ఊపు ఇంకా పెద్దది, మీ దిద్దుబాటూ ఇంకా పెద్దది. మూడో ఊపుకి నీళ్లు నేల మీద ఉంటాయి. అమ్మమ్మని అడగండి, ఏం చెయ్యాలో చెబుతుంది: వంచకుండా అలాగే పట్టుకుని నిలబడు, నీళ్లే సర్దుకుంటాయి. గట్టిగా తగిలి లేచిన విమానంలో పైలట్ కాడిని ముందుకి తోసి, వెనక్కి లాగి, మళ్లీ తోస్తే జరిగేది ఇదే. తప్పు దిద్దాలన్న తొందరే తప్పుని పెంచుతుంది.

ఈ గండం ఎక్కువగా ఎదురైన విమానం ఎండీ-11. మెక్‌డొనెల్ డగ్లస్ వాళ్లు తమ పాత డీసీ-10ని పొడిగించి చేసినది. 1990 జనవరిలో మొదటిసారి ఎగిరింది. మొత్తం 200 తయారయ్యాయి. ప్రయాణికుల విమానంగా పెద్దగా నిలబడలేదు గానీ సరుకు మొయ్యడంలో ఏళ్ల తరబడి ఎంతో చాకిరీ చేసింది. ఇంధనం ఆదా కోసం దాని అడ్డతోకని డీసీ-10 తోక కంటే దాదాపు 30 శాతం చిన్నది చేశారు. తోకలో కూడా ఇంధనం ట్యాంకు పెట్టి, బరువు కేంద్రాన్ని వెనక్కి జరిపి, గాలి నిరోధం తగ్గించారు. తోక చిన్నదైతే ముక్కు ఊగిసలాటని అణిచే బలం తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి కంప్యూటర్ సాయం పెట్టారు. దిగేటప్పుడు ముందుకి సాగే వేగమూ ఎక్కువే. నేల తాకగానే రెక్కల మీద స్పాయిలర్లనే పలకలు లేస్తాయి కదా, అప్పుడు దీని ముక్కు పైకి లేవాలని చూస్తుంది. దాన్ని అణచడానికి పైలట్లు కాడిని ముందుకి నొక్కడం అలవాటు చేసుకుంటారు. మామూలుగా దిగినప్పుడు ఆ అలవాటు మంచిదే. విమానం ఎగిరిపడినప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది.

2009 మార్చి 23, జపాన్‌లో టోక్యో దగ్గరి నరిటా విమానాశ్రయం. చైనాలోని గ్వాంగ్‌జౌ నుంచి బయల్దేరిన ఫెడెక్స్ సంస్థ ఎండీ-11 కార్గో విమానం ఉదయం ఏడు కావడానికి కొద్ది నిమిషాల ముందు దిగుతోంది. లోపల ఇద్దరే పైలట్లు. గాలి దురుసుగా ఉంది, విసురు వచ్చినప్పుడు 40 నాట్ల దాకా పోతోంది. వేగంగా దిగుతున్న విమానానికి ఫ్లేర్ ఆలస్యమైంది. ఆలస్యమయ్యాక గట్టిగా లాగారు. చక్రాలు తగిలాయి, విమానం కొంచెం లేచింది. ఇక్కడిదాకా కొంప మునిగిందేమీ లేదు. ఆ వెంటనే కాడి బాగా ముందుకి పోయింది. ముక్కు దిగి, ముక్కు చక్రం నేలని కొట్టింది. దాంతో విమానం ఈసారి మరింత ఎత్తుకి ఎగిరింది. మూడోసారి ఎడమ కాలి మీద పడింది. ఆ దెబ్బ కాలు తట్టుకోవాల్సిన దానికంటే ఎంతో ఎక్కువ. బలం కాలి నుంచి రెక్కలోకి పాకి, ఎడమ రెక్క మొదట్లో విరిగింది. విరిగిన వైపు లేపే బలం పోయింది, కుడి రెక్కకి మాత్రం ఇంకా ఉంది. అందుకే విమానం ఎడమకి దొర్లి తలకిందులైంది, నిప్పంటుకుంది. ఇద్దరూ చనిపోయారు. 1978లో నరిటా మొదలైనప్పటి నుంచి అక్కడ విమానం కూలి మనుషులు పోవడం అదే మొదలు. 4,000 మీటర్ల ఆ పెద్ద రన్‌వే మూతపడటంతో, చిన్న రన్‌వే మీద దిగలేని పెద్ద విమానాలన్నీ వేరే దారి చూసుకోవాల్సి వచ్చింది.

జపాన్ రవాణా భద్రతా సంస్థ నాలుగేళ్లు దర్యాప్తు చేసి ఇచ్చిన నివేదికలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది పైలట్ల సంగతి కాదు, చక్రాల కాలిని రెక్కకి బిగించే పిన్నుల సంగతి. హద్దు మీరిన బలం పడితే ఆ పిన్నులే ముందు తెగి కాలు ఊడిపోవాలి, రెక్కలోని ఇంధనం ట్యాంకు చెక్కుచెదరకూడదు. అది అసలు ఉద్దేశం. ఈ విమానం డిజైన్‌లో ఆ బలం ప్రధానంగా వెనక్కి నెట్టే బలమని ఊహించారు. సూటిగా కింది నుంచి పైకి వచ్చే బలానికి పిన్నులు తెగలేదు. కాలు ఊడకుండా రెక్కనే విరగ్గొట్టింది. కాలు ఊడిపోయి ఉంటే మంట అంత త్వరగా రాజుకునేది కాదని దర్యాప్తు చేసినవాళ్లే రాశారు. చూశారా, ఒక భాగం ముందే విరిగేలా కట్టడం కూడా ఇంజనీరింగే. ఏ దిక్కు నుంచి దెబ్బ తగులుతుందన్న ఊహ తప్పితే ఆ తెలివంతా వృథా.

ఇలాంటిది అంతకుముందూ జరిగింది. 1997 జులై 31న అమెరికాలోని నెవార్క్‌లో ఫెడెక్స్ వాళ్లదే మరో ఎండీ-11 అర్ధరాత్రి దాటాక దిగుతూ, ఎగిరిపడి, కుడి రెక్క విరిగి తలకిందులైంది. అదృష్టం బాగుండి లోపలున్న అయిదుగురూ కాక్‌పిట్ కిటికీలోంచి బయటపడ్డారు. అక్కడి దర్యాప్తులో తేలిన ఒక విషయం వినండి. ల్యాప్‌టాప్‌లో వచ్చిన రన్‌వే దూరం లెక్కని పైలట్లు పొరపాటుగా చదువుకున్నారు. నిజంగా ఉన్నదానికంటే తక్కువ చోటు ఉందనుకున్నారు. త్వరగా చక్రాలు ఆనించెయ్యాలన్న ఆ బెంగ ఆఖరి క్షణాల్లో చేతిలోకి దిగింది. లేని కొరత తలచుకుని పడ్డ తొందర అది.

1999లో హాంకాంగ్‌లో తుపాను గాలిలో దిగుతూ తిరగబడిన ఎండీ-11 మాత్రం ప్రయాణికుల విమానం. 315 మందిలో ముగ్గురు పోయారు. 2010 జులైలో రియాద్‌లో లుఫ్తాన్సా కార్గో విమానం మూడుసార్లు నేలని కొట్టి నడుము విరిగింది, పైలట్లిద్దరూ బతికారు. ఇక 2025 నవంబరులో అమెరికాలోని లూయివిల్‌లో కూలిన ఎండీ-11 కథ వేరు. అది పైకి లేస్తుండగా ఎడమ ఇంజన్ ఊడిపోయింది. దాన్ని ఈ కోవలో కలపకూడదు.

మరి విమానం ఎగిరిపడితే ఏం చెయ్యాలి? ఎండీ-11 పైలట్లకి నేర్పే పద్ధతి ఇది: కాడిని ముందుకి తొయ్యకు, ముక్కుని ఏడున్నర డిగ్రీల దగ్గర నిలిపి ఉంచు, కాస్త ఇంజన్ బలం ఇచ్చి మెత్తగా దిగనియ్యి. కుదిరేలా లేకపోతే పూర్తి బలం ఇచ్చి లేచిపో, చుట్టు తిరిగి మళ్లీ రా. దాన్నే గో-అరౌండ్ అంటారు. రియాద్ ప్రమాదం తర్వాత అమెరికా రవాణా భద్రతా బోర్డు ఈ పాఠాన్నే శిక్షణలో నొక్కి చెప్పమని సిఫారసు చేసింది. మీరెక్కిన విమానం నేల దాకా వచ్చి హఠాత్తుగా మళ్లీ లేచిందనుకోండి, విసుక్కోకండి. ఆ పైలట్ తన పని తాను సరిగ్గా చేస్తున్నాడు.

కాగితం మీద ఈ పద్ధతి నాలుగు ముక్కలే. అయితే పడిపోతున్నప్పుడు ఏమీ చెయ్యకుండా పట్టుకుని ఉండటం మనిషి ఒంటికి అలవాటు లేని పని. మెదడు చురుగ్గా ఉంటేనే అది కుదురుతుంది. కార్గో విమానాలు తిరిగేదేమో చాలావరకు రాత్రిళ్లు. పగలు మూటగట్టిన సరుకు తెల్లారేసరికి ఇంకో ఊళ్లో ఉండాలి. మన హైదరాబాదు చుట్టూ తయారయ్యే మందులూ టీకాలూ శంషాబాద్ నుంచి సరుకు విమానాలెక్కి దేశాలు దాటుతున్నాయి. వాటిని మోసేవాళ్ల నిద్ర గురించి మనకీ పట్టింపు ఉండాలి.

2013 ఆగస్టు 14న, తెల్లవారకముందే, అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో యూపీఎస్ అనే సరుకు రవాణా సంస్థ వాళ్ల ఎయిర్‌బస్ ఏ300 రన్‌వే చేరకముందే నేలని గుద్దుకుంది. ఇద్దరు పైలట్లూ పోయారు. దిగే తీరు కుదురుగా లేకపోయినా ఆపకుండా వచ్చెయ్యడం, ఎత్తు చూసుకోకపోవడం కారణాలని తేల్చారు. కో-పైలట్ అలసటని కూడా చేర్చారు. కాక్‌పిట్ రికార్డర్‌లో వినిపించినది తలచుకుంటే గుండె కలుక్కుమంటుంది. బయల్దేరకముందు ఆ ఇద్దరూ మాట్లాడుకున్నది కొత్తగా రాబోయే విశ్రాంతి నిబంధనల గురించే, అవి కార్గో పైలట్లకి వర్తించకపోవడం గురించే.

అవును పిల్లలూ, 2014 జనవరిలో అమెరికాలో అమల్లోకి వచ్చిన ఆ నిబంధనలు ప్రయాణికుల విమానాలు నడిపేవాళ్లకి తప్పనిసరి. కార్గో పైలట్లని వాటి నుంచి మినహాయించారు, ఇష్టమైన సంస్థలు పాటించవచ్చన్నారు. ఖర్చు ఎక్కువ, లాభం తక్కువ అన్నది చెప్పిన కారణం. రెండొందల టన్నుల విమానం రాత్రి మూడింటికి ఊళ్ల మీదుగా దిగుతుంటే, వెనక మనుషులున్నారా పెట్టెలున్నాయా అని చూసి పైలట్ నిద్ర గంటలు లెక్కకట్టడం నా దృష్టిలో అన్యాయం. ఆ మినహాయింపు ఎత్తెయ్యాలి.