హోసే వైట్: మటాన్సాస్ నుంచి పారిస్ దాకా

క్యూబా రేవు పట్టణం మటాన్సాస్‌లో పుట్టిన హోసే వైట్‌కు తొలి వయొలిన్ పాఠాలు చెప్పింది ఫ్రెంచి జాతీయుడైన తండ్రే. తల్లి ఆఫ్రికన్ సంతతి క్యూబన్. బానిసత్వం ఇంకా సాగుతున్న దీవిలో అలాంటి యువకుడు కచేరీ వేదికెక్కడమే గొప్ప విషయం. 1854లో ఆయన కచేరీకి పియానో వాయించిన అమెరికన్ విద్వాంసుడు గాట్‌షాక్, పారిస్ చదువుకు డబ్బు పోగుచేయడంలో తోడ్పడ్డాడు. 1856లోనే వైట్ పారిస్ కన్సర్వేటరీ ప్రథమ బహుమతి గెలిచారు. తర్వాత గురువు అలార్ తరగతికి ఆయన బదులు పాఠాలూ చెప్పారు.

ఆయన రచనల్లో క్యూబన్లు గుండెకు హత్తుకున్నది ‘లా బెయ్యా కుబానా’. రెండు వయొలిన్లు జంటగా, హబనేరా అనే క్యూబన్ నృత్య లయలో తాపీగా సాగుతాయి. నడుమ ఒక్కసారిగా వేగం పుంజుకుంటాయి. పారిస్ నుంచి క్యూబాకు తిరిగొచ్చిన వైట్‌కు, అక్కడి స్వాతంత్య్ర పోరాటం పట్ల సానుభూతి వల్ల 1875లో మళ్లీ స్వదేశం వీడాల్సి వచ్చింది. బ్రెజిల్‌లో పెడ్రో చక్రవర్తి ఆదరణలో కొన్నేళ్లు సంగీతం నేర్పి, రాచరికం కూలాక పారిస్ చేరి, 1918లో అక్కడే కన్నుమూశారు.