పసుపు కొమ్ము నేర్పు పాఠములు

పిల్లవాని తెల్లచొక్కా మీద కూర మరక పడును. తల్లి దానికి సబ్బు రాచును. పసుపుపచ్చగా ఉన్న మరక చూచుచుండగానే ఎర్రబడును. నీళ్ళలో బాగుగా జాడించినచో మరల పసుపుపచ్చ అగును. ఎండలో ఆరవేసినచో క్రమముగా వెలిసిపోవును. ఇది ప్రతి ఇంటిలోను జరుగునదే. "ఎందుకిట్లు?" అని పిల్లవాడు అడిగినప్పుడు, "పసుపు మరక అంతేరా" అని మనము ఊరకుందుము. ఆ పిల్లవాడే మరునాడు బడిలో, ఆమ్లము నీలి లిట్మసును ఎర్రగా మార్చుననియు, క్షారము ఎర్ర లిట్మసును నీలముగా మార్చుననియు వల్లించి, పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొనును. లిట్మసు కాగితమును కంటితో చూడకయే ఆ పాఠము ముగియుట కద్దు. ఇంటిలో కన్నదియు, బడిలో విన్నదియు ఒక్కటేయని చెప్పువారు లేకపోవుట చేత, శాస్త్రము పుస్తకములో ఉండునదని, బ్రతుకు వేరని ఆ పసిమనసులో నాటుకొనును. ఈ నష్టము మార్కుల పట్టికలో కనబడదు.

శాస్త్రము నేర్పుటకు గాజు గొట్టములు, ఖరీదైన పరికరములు కావలెనని పలువురు తలంతురు. పై తరగతులకు అవి అవసరమే. కాని ఎనిమిది మొదలు పండ్రెండేండ్ల లోపు పిల్లలకు మొదట అలవడవలసినవి మూడు: పరిశీలించుట, ఊహించుట, పరీక్షించుట. వీనికి వంటయిల్లు చాలును. అందులోను నిజామాబాదు జిల్లా పిల్లలకు మంచి సాధనము ఇంటి ముంగిటనే ఉన్నది. కామారెడ్డి నుండి నిజామాబాదు పోవు దారిలోని ఇందల్వాయి మొదలుకొని ఆర్మూరు, బాల్కొండ, కమ్మర్‌పల్లి వరకు పసుపుతో పరిచయము లేని ఇల్లు ఉండదు. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రము కలదు. 2025లో జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయము నిజామాబాదులో వెలసినది. పెద్దలకు పసుపు పంట. పిల్లలకు అదే పాఠము కావచ్చును.

మొదటి ప్రయోగమునకు కావలసినవి చెంచాడు పసుపు, తెల్లకాగితము, ఐదారు గిన్నెలు. పసుపును కొద్ది నీటితో ముద్దచేసి కాగితమునకు పలుచగా పూసి, నీడలో ఆరనిచ్చి, బొటనవ్రేలంత ముక్కలుగా కత్తిరింపవలెను. గిన్నెలలో నిమ్మరసము, చింతపండు పులుసు, మంచినీరు, సబ్బునీరు, కట్టెల బూడిద కలిపి తేర్చిన నీరు, తాంబూలపు సున్నము కలిపి తేర్చిన నీరు వేరువేరుగా పోయవలెను. ముంచుటకు ముందే పిల్లలచేత ఒక పని చేయింపవలెను. ఏ గిన్నెలో కాగితము రంగు మారునో, ఎందులో మారదో వారి ఊహను నోటుపుస్తకములో వ్రాయింపవలెను. ఊహ వ్రాయకుండ చేసిన ప్రయోగము గారడివాని ఆటవలె వింతగా ఉండి మరపునకు వచ్చును. వ్రాసిన ఊహ తప్పినప్పుడు మాత్రము పిల్లవాడు తప్పక ఆలోచించును.

పులుపు గిన్నెలలోను, మంచినీటిలోను కాగితము పసుపుపచ్చగానే ఉండును. సబ్బునీటిలో, బూడిదతేటలో, సున్నపుతేటలో ఎర్రబడును. ఎర్రబడిన ముక్కపై నిమ్మరసము చుక్కలు వేసినచో మరల మొదటి రంగు వచ్చును. దీనికి కారణము పసుపులోని కర్కుమిన్ అను పదార్థము. క్షారము తగిలినప్పుడు దాని అణువు ప్రోటానును కోల్పోవును; అంతట అది పీల్చుకొను కాంతి మారి, మన కంటికి ఎర్రగా తోచును. ఆమ్లము ఆ ప్రోటానును తిరిగి ఇచ్చును. ఈ పదార్థమును 1815లో వోగెల్, పెలెటియే అను శాస్త్రజ్ఞులు పసుపు నుండి వేరుచేసిరి. దాని అణు నిర్మాణము 1910లో గాని తేలలేదు. తొంబదియైదేండ్లు పట్టిన ప్రశ్న అది. మన పెద్దలు మాత్రము పసుపు, సున్నము కలిపిన ఎర్రనీళ్ళతో దిష్టి తీయుచునే యుండిరి. పెండ్లిలో పాదములకు పారాణి దిద్దుచునే యుండిరి. ఫలితము వారికి తెలియును. కారణము తెలిసికొనుట మన పిల్లల వంతు.

ఇక్కడ తెలివిగల బాలిక యొకతె ఒక చిక్కు పట్టుకొనవచ్చును: "నిమ్మరసములోను మారలేదు, మంచినీటిలోను మారలేదు. అయితే ఆ రెండును ఒక్కటేనా?" ఇది చాల విలువైన ప్రశ్న. పసుపు కాగితము క్షారమును పట్టగలదు గాని, ఆమ్లమును మంచినీటినుండి వేరుచేయలేదు. ప్రతి సాధనమునకు ఒక హద్దు ఉండునని పిల్లలు తెలిసికొనవలసినది ఇప్పుడే. అప్పుడు ఎర్రమందారపు రేకులను వేడినీళ్ళలో నానవేసి, ఆ నీటిని అవే ద్రవములలో కొద్ది కొద్దిగా కలుపవలెను. పులుపులో అది ముదురు గులాబిరంగు తిరుగును; క్షారములో ఆకుపచ్చనగును. పసుపు చెప్పలేనిది మందారము చెప్పినది.

రెండవ ప్రయోగము ఎండకు సంబంధించినది. పసుపు పూసిన కాగితములు మూడు తీసికొని, ఒకటి ఎండలో, ఒకటి చీకటిగదిలో, మూడవది నల్లకాగితములో చుట్టి ఎండలోనే ఉంచవలెను. మూడవదాని అవసరమేమని పిల్లలనే అడుగవలెను. ఎండలో వెలుతురు ఉన్నది, వేడి ఉన్నది. రంగు వెలియుటకు కారణము ఏది? నల్లకాగితములోనిది వేడిని పొందును గాని వెలుతురును పొందదు. కొన్ని దినములకు విప్పి చూచినచో, తెరపి ఎండలోని కాగితము వెలిసిపోయి, చుట్టినదియు చీకటిలోనిదియు రంగు నిలుపుకొని యుండును. కర్కుమినును చెరచునది వెలుతురు. ఒక్కసారికి ఒక్క కారణమునే మార్చి చూడవలెనను సూత్రము శాస్త్రమునకు వెన్నెముక. పసుపుపొడిని వెలుతురు సోకని డబ్బాలో దాచుట ఎందుకో కూడ ఇందుతో తెలియును.

మూడవది పంట కాలములో, అనగా జనవరి మొదలు మార్చి వరకు చేయదగినది. పచ్చి కొమ్ములను రెండు భాగములుగా తూచి, ఒక భాగమును పెద్దలు ఉడికించి ఇయ్యగా, రెండింటిని పక్కపక్కనే ఆరబెట్టి, దినదినము తూచి వ్రాసికొనవలెను. ఏది ముందు ఆరినది? విరిచినప్పుడు లోపలి రంగు దేనిలో సమముగా ఉన్నది? ఉడికించి ఎండబెట్టిన పసుపు, పచ్చిదాని తూకములో ఇంచుమించు ఐదవవంతుకు దిగును. తక్కిన భాగములో చాలవరకు నీరే. కల్లములో పసుపు ఎందుకు ఉడికింతురో, ఆరకముందే అమ్మినచో కొనువాడు ఎందుకు ఒప్పుకొనడో ఆ అంకెలే చెప్పును. లెక్కల పాఠములోని శాతములు అప్పుడు ప్రాణము పోసికొనును.

ఈ పనులలో తల్లిదండ్రుల పాత్ర చిన్నది, కష్టమైనది. జవాబు ముందుగా చెప్పకుండ ఉండుటయే అది. "నాకును తెలియదు, చూతము రమ్ము" అను మాట పెద్దల గౌరవమును తగ్గింపదు. మైకేల్ ఫారడే బీదకుటుంబమున పుట్టి, పుస్తకములు జిల్దుకట్టు పనిలో ఉండి శాస్త్రము నేర్చుకొన్నవాడు. ఆయన లండను నగరమున పిల్లలకు ఒక కొవ్వొత్తిని మాత్రమే ఆధారముగా చేసికొని ఉపన్యాసములిచ్చెను; అవి 1861లో పుస్తకముగా వెలువడెను. మన దేశములో 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లాలో 16 బడులలో, పిల్లలు స్వయముగా ప్రయోగములు చేసి నేర్చుకొను పద్ధతి ప్రారంభమై, క్రమముగా వందలాది బడులకు వ్యాపించి, 2002 వరకు నడచినది. పల్లెటూరి పిల్లలు తమ చుట్టునున్న వస్తువులతోనే శాస్త్రము నేర్వగలరని అది నిరూపించినది.

ఈ చదువు వేడుక కొరకు మాత్రమే కాదు. పసుపు ధరలో రంగుకు పెద్దపీట ఉన్నది. కనుకనే మోసమునకు దారి కూడ రంగే. బంగ్లాదేశములో పసుపునకు నిగారింపు తెచ్చుటకు సీసము గల లెడ్ క్రోమేటును కలుపుచున్నట్లు 2019లో వెల్లడియైనది. సీసము పిల్లల మెదడు ఎదుగుదలకు చేటు. అక్కడి ప్రభుత్వము, పరిశోధకులు కలిసి పనిచేయగా, బజారు నమూనాలలో 2019లో నూటికి 47 వంతులుగా ఉన్న ఆ కల్తీ 2021 నాటికి కనబడకుండ పోయినది. పరీక్షించుట, ఫలితమును దాచకుండుట అను రెండును అందుకు తోడ్పడినవి. మన ఇంటిలో గ్లాసెడు నీళ్ళపై చెంచాడు పసుపు చల్లి కదపకుండ ఉంచినచో, మంచి పసుపు చాలవరకు అడుగునకు దిగి నీరు లేతపసుపుగా ఉండును; నీరంతయు చిక్కని రంగు తిరిగినచో అనుమానింపవలెను. అయితే సీసము లేదని ఈ పరీక్ష రుజువు చేయజాలదు. అది ప్రయోగశాల పని. ఈ భేదమును కూడ పిల్లలకు చెప్పవలెను.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. సున్నము కంటిలో పడిన ప్రమాదము. కనుక సున్నపుతేటను పెద్దలే తీసి ఇయ్యవలెను. రాతిసున్నముపై నీరు పోయుట పిల్లల పని కాదు. మరుగుదొడ్లు కడుగు ఆమ్లమును ముట్టరాదు. పొయ్యి దగ్గర పెద్దలుండవలెను. ప్రయోగమునకు వాడినది ఏదియు రుచి చూడరాదు. చేతులు కడుగుకొని లేవవలెను.

వంటయిల్లు ఆడపిల్లలది, శాస్త్రము మగపిల్లలది అను భేదము కూడ ఈ ప్రయోగముల ముందు నిలువదు. అన్నాచెల్లెండ్రు ఇద్దరును ఒకే నోటుపుస్తకములో తేది వేసి, తమ ఊహ, చేసిన పని, కనబడిన ఫలితము వ్రాయుదురుగాక. తప్పిన ఊహను కొట్టివేయనీయరాదు. దాని ప్రక్కనే నిజమును వ్రాయింపవలెను. వారమునకు ఒక గంట చాలును. ఏడాది తిరుగునప్పటికి ఆ పుస్తకములో యాబది ప్రశ్నలు చేరును. వానిలో సగమునకు జవాబులు దొరకకున్నను, అడుగుటకు జంకని పిల్లలు ఇంటిలో తయారగుదురు.