విమానపు గంట, ప్రయాణికుని గంట

లండను, పారిసు నగరముల నడుమ ఋజుమార్గమున దూరము సుమారు 344 కిలోమీటర్లు. 1919 ఆగస్టు 25వ తేదీన నీ రెంటి మధ్య ప్రతిదినము నడచు విమానయానము ప్రారంభమైనది. నాటి చిన్న విమానము మోసికొనిపోయిన సరకు చిత్రమైనది: ఒక ప్రయాణికుడు, కొన్ని వార్తాపత్రికలు, కొంత తోలు, కొంత మీగడ, కొన్ని వేటపక్షులు. పట్టిన కాలము రెండున్నర గంటలు. నేడు విమానము ఆకాశముననుండునది గంటకు లోపే. అయినను కాలపట్టికలో గంటంబావు వ్రాయుదురు. బయలుదేరు చోటనుండి కదలుట, వరుసలో వేచియుండుట, దిగిన పిదప నేలపై ప్రాకుట యన్నియు నందు చేరును. విమానాశ్రయమునకు పోవుటయు, తనిఖీయు, తిరిగి నగరమున కేగుటయు నా పట్టికలోను లేవు. 1994లో సముద్రగర్భ సొరంగముగుండ రైలు నడువగనే జనులీ మోసము గ్రహించిరి. ఊరి నడుమ నెక్కి ఊరి నడుమ దిగు నా రైలుకు నేడు పట్టునది రమారమి రెండుంబావు గంటలే.

ఈ లెక్క మన వేటపాలెమునకు వర్తింపజేసి చూతము. లండను విమానము పుట్టుటకు సంవత్సరము ముందే, 1918లో, సారస్వత నికేతనమను గ్రంథాలయము వెలసిన యూరిది, మగ్గముల యూరు. ఇచటినుండి చెన్నపట్టణము ఋజుమార్గమున సుమారు 300 కిలోమీటర్లు, అనగా లండను-పారిసుల దూరముకంటె తక్కువ. గాలిలో వెళ్లదలచినవాడేమి చేయవలెను? దక్షిణమునకు పోవలసినవాడు ముందుగా నూరు కిలోమీటర్లకు పైగా ఉత్తరమునకు, గన్నవరమునకు, పోవలెను. గంటకు పైగా అచట కూర్చుండి, విమానమెక్కి, తన యూరి తీరమునకు దీటుగా మరల దక్షిణమునకు రావలెను! ఆకాశమున గంట; నేలపై నాలుగైదు గంటలు. 1899లో పూర్తియైన బెజవాడ-చెన్నపట్టణపు రైలుదారి వాని యింటి ప్రక్కనే యున్నది. మంచి బండి దొరకెనా, ఐదారు గంటలలో చేర్చును.

మరియొక వింత. వేటపాలెమునకు పడమర, కొరిశపాడు వద్ద, జాతీయ రహదారిలో 4 కిలోమీటర్లకు మించిన భాగమును యుద్ధవిమానముల యత్యవసరపు దిగుబాటుకై కట్టిరి. 2022 డిసెంబరులోను, 2024 మార్చిలోను సుఖోయి విమానములతో పరీక్షించిరి. దేశరక్షణ కది యవసరమే, మేము కాదనము. కాని దానిని చూచి ప్రతి తాలూకాకు నొక విమానాశ్రయము కావలెనను కోరిక పెద్దలలో పుట్టుచున్నది. విమానములు కన్నబిడ్డలవలె పెరిగిన ఫ్రాన్సు దేశమే, రెండున్నర గంటలలో రైలుపై చేరదగిన చోట్లకు దేశీయ విమానములను 2023లో నిషేధించినది. ఆ నిషేధము తాకినవి కొన్ని మార్గములే యనుట నిజము. అయినను వారు లెక్కించినది ప్రయాణికుని గంటనుగాని విమానపు గంటను కాదు.

దూరదేశములకు విమానము కావలసినదే. అమెరికాలోని కుమారుని చూడబోవు తల్లిని రైలెక్కుమనము. కాని చీరల మూటతో చెన్నపట్టణము పోవు నేతవర్తకునికి కావలసినది తన స్టేషనులో నిలుచు బండి. నేడు అనేక వేగపు బండ్లు వేటపాలెమున నాగక దూసికొనిపోవుచున్నవి; వాని నెక్కుటకు చీరాలకు పోవలెను. ఒకటి రెండు బండ్లను రెండు నిమిషములు నిలుపుటకు కొత్త భూమి యక్కరలేదు, కొత్త కాంక్రీటు నక్కరలేదు. కోరవలసినవారు పన్ను చెల్లించు గ్రామస్థులు. తీర్పవలసినది రైల్వే శాఖ.