పంతపు బిడ్డ

నెమ్మదియైన బిడ్డను మనము బుద్ధిమంతుడని మెచ్చుకొందుము. తనకు తోచినదే చేయుదునని పట్టుపట్టు బిడ్డను మొండిఘటమందుము. అట్టి బిడ్డ ఆడుపిల్లయైనచో, రేపు అత్తవారింట ఎట్లు నెగ్గుకొని వచ్చునో అను చింత కూడ తోడగును. అన్నము పెట్టబోయిన నోరు బిగించుకొనును. తల దువ్వబోయిన పరుగిడును. చొక్కా తానే తొడుగుకొందునని గంటసేపు పెనగులాడును. సాయంకాలమగునప్పటికి తల్లి ఓపిక తీరిపోవును. రాత్రి ఆ బిడ్డ నిద్రించునపుడు ముఖము చూచి, పగలు కసరితినే అని కుములుటయు తల్లులకు క్రొత్త కాదు. ప్రేమకును విసుగునకును నడుమ నలిగిపోవు సోదరీమణులకొరకు మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట ఈ పంతమెక్కడినుండి వచ్చునో విచారింతము. రెండవ ఏట, మూడవ ఏట బిడ్డకు తాను తల్లికంటె వేరైన మనిషినను ఎరుక కలుగును. ఆ ఎరుకకు వెలువడు మొదటి మాటలే “వద్దు” అనునదియు “నేనే” అనునదియు. తప్పటడుగులు వేసినప్పుడు ఇరుగుపొరుగును పిలిచి చూపుకొను మనము, ఈ మాటలు విన్నంతనే కనులెఱ్ఱజేయుదుము. కాని ఇదియు నడక నేర్చుటవంటిదే. కోపమును దిగమ్రింగి నిదానించు శక్తికి ఆధారమైన ముందరి మెదడు ఇరువది యేండ్లు దాటినదాక పండుచునే యుండునని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. మూడేండ్ల పసివానిని కోపము అణచుకొమ్మనుట, నిన్న నాటిన మామిడిటెంకను నేడు పండ్లిమ్మనుటయే.

బిడ్డలందరును ఒక్క తీరున పుట్టరు. అమెరికా దేశమున న్యూయార్కు నగరమందు అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అను వైద్యదంపతులు 1956లో మొదలుపెట్టి, 100కు పైగా శిశువులను పసితనమునుండి పెద్దలగువరకు గమనించిరి. ఆకలి నిద్రలు వేళకు వచ్చుట, క్రొత్తదానికి అలవాటుపడుట, సంతోషమునుగాని కోపమునుగాని ఎంత తీవ్రముగా వెలిబుచ్చుట అను విషయములలో శిశువులు మొదటినుండియు వేర్వేరు స్వభావములు కలిగియుందురని వారు చూపిరి. ఒక్క తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకడు మెత్తన, ఒకడు కఱకు అగుట తల్లి పెంపకమందలి లోపము కాదు. బిడ్డ స్వభావమునకును ఇంటి పద్ధతికిని పొందిక కుదిరినదా లేదా అనునదే ముఖ్యమని వారి సిద్ధాంతము.

ఈ పొందిక యెట్టిదో మన భాగవతకథలలోనే కలదు. అల్లరి కృష్ణుని రోటికి కట్టబోయిన యశోదకు ఎన్ని త్రాళ్లు ముడివేసినను రెండంగుళములు తక్కువయ్యెను. తల్లి చెమటలు గ్రమ్మి అలసియుండుట చూచి, తుదకు ఆ బాలుడే కట్టుబడెను. పంతపు బిడ్డను త్రాడొక్కటియే కట్టలేదు. తల్లియందలి మమత కట్టవలెను. అయినను యశోద, బిడ్డ ముద్దువచ్చుచున్నాడుగదా అని, కుండలు పగులగొట్టినదానిని చూచిచూడనట్లు విడిచిపెట్టలేదు. హిరణ్యకశిపుడో, ఐదేండ్ల కుమారుని పట్టు విరుచుటకు ఏనుగులను, పాములను, అగ్నిని ప్రయోగించెను. పట్టు విరుగలేదు, తండ్రి మాత్రము కుమారుని పోగొట్టుకొనెను. ధ్రువుని తల్లి సునీతి మార్గము మరియొకటి. సవతితల్లి అవమానింపగా ఏడ్చుచు వచ్చిన బిడ్డను ఆమె ఊరకుండుమని గద్దింపలేదు. ఆ పట్టుదల చేరదగిన చోటేదో చూపి పంపెను.

ఇవి పురాణకథలుగదా అందురేమో. మన గోదావరి తీరముననే జరిగిన కథ యొకటి చిత్తగింపుడు. శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమహేంద్రవరమున రామారావు, కృష్ణవేణమ్మ దంపతులకు జన్మించెను. ఆనాటి ఆచారము చొప్పున ఎనిమిదవ యేటనే ఆమెకు వివాహము జరిగినది. పండ్రెండవ యేట, పాఠశాలలో ఆంగ్లభాషయందే చదువు సాగవలెననుటకు నిరసనగా బడి విడిచెను. పిమ్మట తానే బాలికలకు హిందీ పాఠశాల నడపెను. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శనశాల వాకిట సేవికగా నిలిచి, టిక్కెట్టు లేనందున జవహర్లాల్ నెహ్రూ అంతటివారిని లోనికి పోనీయలేదు. నిర్వాహకులు టిక్కెట్టు కొని యిచ్చిన పిమ్మటనే విడిచెను. నాటికామె వయస్సు 14.

ఈడు వచ్చిన పిమ్మట ఆమె, తానెరుగని వయస్సున జరిగిన ఆ పెండ్లిని అంగీకరించి కాపురము చేయజాలనని చెప్పెను. ఎనిమిదవ యేట పెండ్లి చేసిన తండ్రియే అప్పుడు కుమార్తె పక్షమున నిలిచెను. సోదరుని అండయు లభించెను. లోకులేమందురో అను భయము ఆ కాలమున ఎంతటిదో మన అవ్వలను అడిగిన చెప్పుదురు. ఆ తండ్రి ఆనాడు బిడ్డ పట్టు విరిచియుండినచో, 1937లో ఆంధ్ర మహిళాసభ వెలసెడిదా? రాజ్యాంగ నిర్ణయసభలో ఆమె కంఠము వినబడెడిదా?

ఇంట “వద్దు” అనుటకు వీలులేక పెరిగిన బాలిక, రేపు బయట తనకు కీడు తలపెట్టువానితో “వద్దు” అని యెట్లనగలదు? పెద్దలు చెప్పినదెల్ల తలవంచి చేయుటయే బుద్ధిమంతతనమని నేర్పి, ఆపదవేళ ధైర్యము చూపుమనిన అది యెక్కడినుండి వచ్చును? మా విన్నపమునకు ప్రాణమీ ప్రశ్నయే.

అట్లని అడిగినదెల్ల ఇచ్చుట ప్రేమ కాదు. డయానా బౌమ్రిండ్ అను అమెరికా మనస్తత్త్వవేత్త 1966లో తల్లిదండ్రుల తీరులు మూడుగా వివరించెను: ఆజ్ఞాపించి లోబరచుకొనుట, అడ్డులేక విడిచిపెట్టుట, ఆదరము చూపుచు కారణము చెప్పుచు కట్టుబాటును నిలుపుట. ఈ మూడవదే మేలని ఆమె అభిప్రాయము.

దానిని మన యిండ్లలో ఆచరించు విధము కష్టమైనది కాదు. కట్టుబాట్లు కొద్దిగా ఉండవలెను; ఉన్నవి సడలరాదు. పొయ్యి దగ్గరకు పోరాదనిన ఏనాడును పోరాదు. ఎఱ్ఱ గౌనా, పచ్చ గౌనా అను విషయములందు బిడ్డమాటనే చెల్లనీయవలెను. ఆట నడుమ చేయిపట్టి లాగక, ఇంకొక్కసారి ఊగి దిగవలెనని ముందుగా హెచ్చరింపవలెను. తల్లి కాదన్నదానిని నాయనమ్మ చాటుగా ఇచ్చినచో, బిడ్డ నేర్చుకొనునది ఇంటివారిని విడదీయు ఉపాయమే. కావున పెద్దలందరును ఒక్కమాటపై నుండవలెను. పొర్లి యేడ్చునపుడు ఉపదేశములు చెవికెక్కవు. దెబ్బలు బలవంతునిదే గెలుపని మాత్రము నేర్పును. దగ్గర కూర్చుండి, ఏడుపు ఆగిన పిమ్మట రెండు మాటలు చెప్పిన చాలును. అక్కతోగాని ఎదురింటి పిల్లతోగాని పోల్చుట ఎన్నడును కూడదు.

బిడ్డ పెరిగినకొలది పంతము రూపు మారును. ఆరేండ్లకు చొక్కాకై పెనగినది, పదునారేండ్లకు చదువుకై వాదించును. ఇరువదియేండ్లకు తన జీవితమును గూర్చి తానే నిర్ణయింపబూనును. తల్లి పట్టు ఏటేట కొంచెము సడలవలెను, ప్రేమ మాత్రము సడలరాదు. ఇది చెప్పినంత సులభము కాదు; ఎట్టి తల్లికైనను కడుపులో దిగులు పుట్టించు పనియే. అయినను సోదరీమణులారా, నేడు మీ కొంగు విడిపించుకొని పరుగిడు ఆ చిన్నదానిని మొండిదని నలుగురిలో పిలువకుడు. దాని పట్టుదలకు తగిన పని యొకటి వెదకి చేతికిండు. మొక్కలకు నీరు పోయుటయో, బియ్యము కొలిచి పోయుటయో ఏదైనను సరే. అది సగము ఒలుకబోసినను, మిగిలిన సగము తానే చేసితినను ఆనందము దాని కన్నులలో చూడుడు.